ప్యాకెట్ ఆహారంలో సహజ రేడియోధార్మికతను ఇంట్లో ఎలా కొలవాలి, వచ్చిన అంకెను ఎలా అర్థం చేసుకోవాలి

మాది గంజాం జిల్లా బరంపురం. ఛత్రపురం ఇసుకలో థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉందన్న సంగతి ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకేనేమో, ఇచ్ఛాపురం నుంచీ పర్లాకిమిడి నుంచీ రాయగడ నుంచీ తెలిసినవాళ్లు ఒకటే ప్రశ్న వేస్తున్నారు: "పిల్లలకు కలిపే పాలపొడిలో, మేం కొనే ఉప్పులో, కాఫీ పొడిలో రేడియేషన్ ఉందేమో చూడడం ఎలా? ఆన్‌లైన్‌లో రేడియేషన్‌ను లెక్కపెట్టే చిన్న గైగర్ కౌంటర్లు దొరుకుతున్నాయి, కొనమంటారా?"

కొనండి, తప్పులేదు. అయితే ఆ పరికరం ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో ముందే తెలుసుకుని కొనండి. లేకపోతే లేని భయమైనా పట్టుకుంటుంది, లేని ధైర్యమైనా వస్తుంది. రెండోది ఇంకా ప్రమాదం.

కొలిచే ముందు రెండు మాటలు. ఆహారంలో మీ కౌంటరుకు చిక్కేది దాదాపు ఎప్పుడూ పొటాషియమే. ప్రకృతిలోని ప్రతి పొటాషియంలోనూ 0.0117 శాతం పొటాషియం-40 అనే రేడియోధార్మిక రకం ఉంటుంది. అందువల్ల 1 గ్రాము పొటాషియంలో సెకనుకు సుమారు 31 పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. సెకనుకు ఒక విచ్ఛిన్నం జరిగితే దాన్ని 1 బెక్వెరెల్ అంటారు. అరటిపండులో, కందిపప్పులో, కొబ్బరినీళ్లలో, మన ఒంట్లో కూడా ఇది ఉంది. 70 కిలోల మనిషి శరీరంలో 4,000 బెక్వెరెల్‌లకు పైగా ఉంటుంది. కాబట్టి "ఉందా లేదా" అని అడగకండి, ఎప్పుడూ ఉంటుంది. ఎంత ఉంది, అది పొటాషియమేనా, ఇంకేమైనా కలిసిందా అన్నవే అడగవలసినవి.

కౌంటరు లేనివాళ్లకు

పొట్లం వెనక పోషక విలువల పట్టికలో పొటాషియం మిల్లీగ్రాముల్లో రాసి ఉంటే దాన్ని 0.031తో గుణించండి. వచ్చినవే బెక్వెరెల్‌లు. 100 గ్రాముల పాలపొడిలో 1,300 మిల్లీగ్రాములు అని ఉంటే సుమారు 40 బెక్వెరెల్‌లు, అంటే కిలోకు 400. కందిపప్పు కూడా ఇంచుమించు అంతే. ఇన్‌స్టంట్ కాఫీ పొడి కిలోకు వెయ్యి దాటుతుంది. జీడిపప్పు 200 దగ్గర ఉంటుంది. తెల్లబియ్యం 30 దగ్గర, పంచదార దాదాపు సున్నా. పదిలో తొమ్మిదిమందికి ఈ గుణకారం చాలు. ఫోను కెమెరాతో రేడియేషన్ చూపిస్తామనే యాప్‌ల జోలికి మాత్రం పోకండి. ఆహారంలో ఉండే స్థాయి వాటికి అందదు.

కావలసినవి

మొత్తం టిక్కులను (కిరణం తగిలిన ప్రతిసారీ పరికరం వేసే ఒక్కో లెక్కను) గంటల తరబడి కూడబెట్టి చూపించే గైగర్ కౌంటరు. నిమిషానికి ఇన్ని అని చూపించి ఊరుకునే పరికరం ఈ పనికి పనికిరాదు. బీటా కిరణాలను, అంటే పొటాషియం-40 ఎక్కువగా వదిలే ఎలక్ట్రాన్లను, పట్టుకునే గొట్టం ఉన్నది తీసుకోండి. ఎస్‌బీఎం-20 రకం చాలు. అభ్రకపు కిటికీ ఉన్న చదును గొట్టమైతే ఇంకా మేలు, కానీ ఖరీదెక్కువ.

ఒకే కొలత ఉన్న మూడు ప్లాస్టిక్ డబ్బాలు, వెడల్పుగా, 2 సెంటీమీటర్ల లోతున్నవి. పల్చటి పాలిథీన్ కవరు. వంటింటి తూకం. గడియారం, నోటుపుస్తకం.

ఒక కిలో పంచదార.

ఒక కిలో పొటాష్ ఎరువు. ఎరువుల దుకాణంలో ఏ రైతునడిగినా చూపిస్తాడు. బస్తా మీద 60 శాతం అని ఉంటుంది. అది పొటాషియం ఆక్సైడ్ లెక్కలో చెప్పే శాతం. అసలు పొటాషియం దాదాపు 50 శాతమే. ఈ తేడా మరిచిపోయి లెక్క మొత్తం తప్పినవాళ్లను చూశాను. 50 శాతం పట్టుకుంటే కిలోకు సుమారు 15,500 బెక్వెరెల్‌లు. ఇది మీ కొలబద్ద. దాన్ని పిల్లలకు అందకుండా, వంట సామానుకు దూరంగా పెట్టండి. అది పోసిన డబ్బాను మళ్లీ తిండికి వాడవద్దు.

కొలిచే పద్ధతి

1. చోటు ఎంచుకోండి. నేల మీద వద్దు, గ్రానైట్ బండ మీద అసలే వద్దు. గది మధ్యలో చెక్కబల్ల మంచిది. గోపాల్‌పూర్ తీరానికి వెళ్లి వచ్చిన చెప్పులు, పిల్లలు ఏరుకొచ్చిన నల్లటి ఇసుక సీసా గదిలో ఉంటే బయట పెట్టండి. ఆ నల్లటి ఇసుకలో మోనజైట్ అనే థోరియం ఖనిజం ఉంటుంది. అలాగే పాత పెట్రోమాక్స్ లైట్ల మేంటిళ్లలో థోరియం ఉంటుంది. ఊరేగింపు లైట్ల సామాను దాచిన అటక కింద కూర్చుని కొలిస్తే ఏ ఆహారమైనా రేడియోధార్మికంగానే కనిపిస్తుంది.

2. కౌంటరును సిద్ధం చేయండి. గాజు గొట్టమైతే వెలుగు తగిలినా టిక్కులు పుడతాయి, నల్లకాగితం కప్పండి. ప్లాస్టిక్ పెట్టె మందంగా ఉంటే బీటా కిరణాలు అక్కడే ఆగిపోతాయి. వెనకమూత తీయాలనుకుంటే గొట్టానికి 400 వోల్టుల దాకా వెళ్తుందని గుర్తుంచుకోండి. పరికరం ఆపి మూత తీసి, గొట్టానికీ తీగలకూ చెయ్యి తగలని అమరిక చేసుకున్నాకే మళ్లీ ఆన్ చేయండి. చెయ్యి తిరగనివాళ్లు మూత జోలికి పోవద్దు. టిక్కులు తగ్గుతాయి, అంతే. ఎక్కువసేపు లెక్కపెడితే సరిపోతుంది.

3. డబ్బాలు నింపండి. ఒకదానిలో పంచదార, ఒకదానిలో పొటాష్, ఒకదానిలో మీరు కొలవదలచిన ఆహారం. కుంచం పైన కర్రతో సమం చేసినట్టు అంచుదాకా నింపి చదును చేయండి. తేలికైన పొడిని అదిమి నింపండి. పైన పాలిథీన్ ఒక్క పొర మాత్రమే పరచండి. మూత పెడితే, ముఖ్యంగా స్టీలు మూత పెడితే, మీరు కొలిచేది మూతనే. కుప్పగా పోసినా లాభం లేదు. బీటా కిరణాలు కొద్ది మిల్లీమీటర్ల మందాన్ని మించి బయటకు రాలేవు కాబట్టి పైపొర నుంచి వచ్చిందే మీకు అందుతుంది.

4. కౌంటరును డబ్బా మీద ఎప్పుడూ ఒకే చోట, ఒకే ఎత్తులో ఆనించండి. బల్ల మీద పెన్సిలుతో గీత గీసుకోండి. అర సెంటీమీటరు జరిగినా అంకె మారుతుంది.

5. ముందు పంచదారను గంటసేపు, తర్వాత ఆహారాన్ని గంటసేపు, మళ్లీ పంచదారను గంటసేపు లెక్కపెట్టండి. ఖాళీ బల్లతో పోల్చకుండా పంచదారతో పోల్చమనడానికి కారణం ఉంది. డబ్బా నిండా ఏ పొడి ఉన్నా అది కింది నుంచి వచ్చే కిరణాలను కొంత అడ్డుకుంటుంది. పంచదార కూడా అలాగే అడ్డుకుంటుంది, తన వంతుగా ఏమీ కలపదు. రెండు పంచదార లెక్కలూ దగ్గరగా లేకపోతే ఆ పూట మధ్యలో ఏదో మారింది. ఆ కొలత పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టండి.

6. పొటాష్‌నూ అలాగే లెక్కపెట్టండి. పంచదారకూ పొటాష్‌కూ తేడా కనిపించకపోతే మీ కౌంటరు గానీ అమరిక గానీ బాగాలేనట్టు. అది సరిచేసుకోకుండా ముందుకు వెళ్లవద్దు.

7. తేడా నిజమా, కాకతాళీయమా చూడండి. ఉదాహరణకు గంటకు పంచదార 1,260, పొటాష్ 1,910, సోడియం తక్కువ ఉప్పు 1,390 అనుకుందాం. ఉప్పుకూ పంచదారకూ తేడా 130. ఇప్పుడు రెండు లెక్కలూ కూడి వర్గమూలం తీయండి: 2,650కి వర్గమూలం సుమారు 51. తేడా దీనికి రెండు రెట్లలోపు ఉంటే ఏమీ తేలలేదు. రెండుకూ మూడుకూ మధ్య ఉంటే అనుమానం, ఇంకా లెక్కపెట్టాలి. మూడు దాటితే నమ్మవచ్చు. ఇక్కడ రెండున్నర రెట్లు వచ్చింది. కాబట్టి ఆగకండి. నాలుగేసి గంటలు లెక్కపెడితే పంచదార 5,040, ఉప్పు 5,560 వచ్చాయనుకోండి. తేడా 520, వర్గమూలం 103. ఐదు రెట్లు. ఇప్పుడు అనుమానం లేదు.

8. బెక్వెరెల్‌లలోకి మార్చండి. నాలుగు గంటల్లో పొటాష్ తేడా 2,600 అయితే, 520ని 2,600తో భాగించి 15,500తో గుణించాలి. కిలోకు 3,100 బెక్వెరెల్‌లు. 103ను 520తో భాగిస్తే ఐదో వంతు, కాబట్టి 600 అటూ ఇటూ ఉండవచ్చని పక్కనే రాయండి. ఆ అటూఇటూ రాయని కొలత కొలత కాదు.

9. పొట్లం మీది మాటతో సరిచూడండి. లేబుల్ మీద పొటాషియం క్లోరైడ్ 20 శాతం అని ఉందా? అందులో 52 శాతం పొటాషియం, అంటే ఉప్పులో పదిన్నర శాతం. 105 గ్రాములను 31తో గుణిస్తే కిలోకు 3,250. మీ 3,100తో కలిసిపోయింది. అయితే ఆ టిక్కులు ఎక్కడివో తెలిసిపోయినట్టే. లేబుల్ చెప్పినదానికంటే మీ కొలత నమ్మదగినంత ఎక్కువ వస్తేనే ఆలోచించాలి. అప్పుడు కూడా మొదటి పని మళ్లీ కొలవడం, రెండోది అదే రకం వేరే పొట్లం కొనడం, మూడోది ప్రయోగశాల.

ఎక్కువమంది చేసే తప్పులు

కొత్త పొట్లాన్ని సంచిలోంచి తీసిన వెంటనే కవరు మీదే కౌంటరు పెట్టడం. రాపిడికి ప్లాస్టిక్ మీద స్థిర విద్యుత్తు చేరి గాలిలోని రేడాన్ వాయువు విచ్ఛిన్నమై పుట్టే "రేడాన్ పిల్లలను", అంటే సీసం-214, బిస్మత్-214 వంటి వాటిని, దుమ్ములా లాక్కుంటుంది. కిటికీలు మూసిన కింది అంతస్తు గదిలో ఇది బాగా కనిపిస్తుంది. వానలో తడిసిన పొట్లానికీ ఇదే తంటా. నిజమా కాదా తేల్చడం తేలిక. నాలుగు గంటలు వదిలేసి మళ్లీ కొలవండి. రేడాన్ పిల్లలైతే ఆ టిక్కులు దాదాపు పూర్తిగా పోతాయి. పొటాషియమైతే పోవు, దాని అర్ధాయువు 125 కోట్ల సంవత్సరాలు.

తెరమీద కనిపించే మైక్రోసీవర్ట్ (ఒంటికి అందిన రేడియేషన్ మోతాదుకు కొలత) అంకెను ఆహారపు మోతాదు అనుకోవడం. ఆ మార్పిడి సాధారణంగా బయటి నుంచి తగిలే సీసియం-137 గామా కిరణాలకు కట్టినది. పొట్లం మీది బీటా టిక్కులకు ఆ అంకెకు అర్థం లేదు. టిక్కుల మొత్తాన్నే రాసుకోండి.

వానాకాలంలో పరికరాన్ని తెరిచి ఉంచడం. మన తీరపు తేమకు అధిక వోల్టేజి కారి దొంగ టిక్కులు వస్తాయి. పంచదార లెక్క ఉన్నట్టుండి పెరిగితే ముందు దీన్ని అనుమానించండి.

చాలా పొట్లాలు కొలిచి, ఎక్కువ వచ్చిన ఒక్కదాన్ని మాత్రం నలుగురికీ చూపించడం. రెండు రెట్ల తేడాను ప్రమాణంగా పెట్టుకుని వంద పొట్లాలు కొలిస్తే, ఏమీ లేకపోయినా రెండు మూడు ఊరికే దాటుతాయి. దయచేసి ఆ రెండు మూడింటి ఫొటోలు తీసి ఎవరికీ పంపకండి. ఒక చిన్న వ్యాపారి బతుకు పాడవుతుంది.

రేడియేషన్‌తో శుద్ధి చేసిన ఆహారాన్ని రేడియోధార్మిక ఆహారం అనుకోవడం. నాసిక్ దగ్గర లాసల్‌గావ్‌లో ఉల్లిపాయలకు, మామిడికి కోబాల్ట్-60 గామా కిరణాలు పట్టిస్తారు. ఆ కిరణాలు పండును రేడియోధార్మికం చేయలేవు. పొట్లం మీద ఈ శుద్ధిని తెలిపే ఆకుపచ్చ గుర్తు (శాకాహారపు చుక్క కాదు) చూసి కౌంటరు పెడితే టిక్కులు పెరగవు.

అన్నింటికంటే పెద్ద తప్పు: ఏమీ రాలేదు కాబట్టి సురక్షితం అనడం. పైన చెప్పిన అమరికతోనే పాలపొడిని చూడండి. కిలోకు 400 బెక్వెరెల్‌లంటే గంటకు పంచదార కంటే 17 టిక్కులే ఎక్కువ. వర్గమూలం మూడు రెట్లు దాటాలంటే సుమారు 80 గంటలు లెక్కపెట్టాలి, అంటే మూడు రోజులకు పైగా, ఆ తర్వాత పంచదార మరో మూడు రోజులు. ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత జపాన్ 2012 ఏప్రిల్ నుంచి సాధారణ ఆహారంలో సీసియానికి పెట్టిన పరిమితి కిలోకు 100 బెక్వెరెల్‌లు, పాలకూ పసిపిల్లల ఆహారానికీ 50. మీ కౌంటరు ఆ గీతకు చాలా పైన ఉన్నదాన్నే చూడగలదు. పొలోనియం-210 వదిలే ఆల్ఫా కణాలైతే మామూలు గొట్టం గోడనే దాటలేవు. "మా పాలపొడిని ఇంట్లో పరీక్షించాం, బాగుంది" అని ఎవరైనా చెబితే ఎన్ని గంటలు లెక్కపెట్టారని అడగండి.

ఆరోగ్యానికి ఎంత ముప్పు

తిన్న బెక్వెరెల్‌లను మోతాదుగా మార్చడానికి ఒక్కో మూలకానికి ఒక గుణకం ఉంది. పెద్దవాళ్లకు పొటాషియం-40 అయితే 1,000 బెక్వెరెల్‌లకు 0.0062 మిల్లీసీవర్ట్‌లు. సీసియం-137కు 0.013. రేడియం-226కు 0.28. థోరియం వరుసలో వచ్చే రేడియం-228కు 0.69. చూడండి, ఒకే బెక్వెరెల్ రేడియం-228 నుంచి వస్తే పొటాషియం కంటే 100 రెట్లకు పైగా బరువు. అందుకే ఏది కొలిచామో తెలియకుండా ఎంత అన్న అంకె ఒక్కటీ పట్టుకుని భయపడడం, ధైర్యపడడం రెండూ తప్పు.

మన ఉప్పునే తీసుకుందాం. రోజుకు 5 గ్రాములు, సంవత్సరానికి సుమారు 5,660 బెక్వెరెల్‌లు, కాగితం మీద 0.035 మిల్లీసీవర్ట్‌లు. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచే ఏటా 2.4 మిల్లీసీవర్ట్‌లు అందుతాయి, అందులో తిండి వాటా 0.3 దగ్గర. పైగా ఆ 0.035 కూడా అదనంగా చేరదు. ఆరోగ్యవంతుడి శరీరం పొటాషియాన్ని ఒకే మట్టంలో ఉంచుకుంటుంది, ఎక్కువ తిన్నది మూత్రంలో పోతుంది. మోనజైట్ ఇసుక మీదే తరాలుగా బతుకుతున్న కేరళ కరునాగపల్లి ప్రజలను ఏళ్ల తరబడి గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో కూడా ఆ నేపథ్య రేడియేషన్ వల్ల క్యాన్సర్ పెరిగినట్టు కనిపించలేదు.

ప్రయోగశాలకు పంపాలంటే

లేబుల్‌తో కలవని ఎక్కువ వచ్చినా, మీ ఊరి ఇసుకనేలలో పండిన కూర గురించి అనుమానమున్నా గామా స్పెక్ట్రోమీటరు తప్ప దారి లేదు. అది కిరణాల శక్తిని విడదీసి పొటాషియం-40ని 1,461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వేరుగా చూపిస్తుంది, సీసియాన్ని 662 దగ్గర. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణు భౌతికశాస్త్ర విభాగం ఉంది. మీకు దగ్గరలోని విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాలలోనూ విచారించండి. బయటివాళ్ల నమూనాలు తీసుకుంటారా, ఎంత పరిమాణం కావాలి అన్నది ముందే ఉత్తరం రాసి అడగండి.

తెరవని పొట్లాలు, ఒకే బ్యాచ్ నంబరువి, కనీసం ఒక కిలో. బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, కొన్న ఊరు రాసి పెట్టండి. కూరలైతే మట్టి పూర్తిగా కడిగి, తినే భాగం మాత్రం ఆరబెట్టి, ఆరకముందు బరువు, ఆరాక బరువు రెండూ రాయండి. ఆ రెండు అంకెలూ లేకపోతే ఎండిన పొడికి వచ్చిన బెక్వెరెల్‌లను పచ్చికూరకు అంటగట్టి పది రెట్లు హెచ్చు చెప్పేస్తాం. రేడియం కూడా చూడాలంటే నమూనాను గాలి చొరకుండా మూసి నెల రోజులు ఉంచి కొలుస్తారు. వారంలో ఫలితం ఇస్తామంటే రేడియం ఎలా లెక్కకట్టారో అడగండి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఇళ్లలో ఒక జాగ్రత్త

సోడియం తక్కువ ఉప్పునే ఇన్నిసార్లు ఉదాహరణగా ఎందుకు తీసుకున్నానో చెప్పాలి. కవిటి నుంచి మా పిన్ని ఆసుపత్రి పనిమీద మా ఇంటికి వచ్చినప్పుడు తన ఉప్పు పొట్లం తనే తెచ్చుకుంది. బీపీకి మంచిదని దుకాణంలో చెప్పారట. బల్లమీద కౌంటరు చూసి, "ఏమిటిరా ఇది, నా ఉప్పు కూడా చూడు" అంది. డబ్బాలో పోసి పెట్టాను. సాయంత్రానికి తేడా స్పష్టంగా వచ్చింది. పిన్ని ముఖం పాలిపోయింది. నేను పొట్లం తిప్పి వెనక చిన్న అక్షరాలు చదివాను: పొటాషియం క్లోరైడ్. అప్పుడు పాలిపోయింది నా ముఖం. ఆమె క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) అప్పటికే ఎక్కువగా ఉంది.

రోజుకు ఆ ఉప్పు 5 గ్రాములు వేసుకుంటే అర గ్రాము పొటాషియం అదనంగా ఒంట్లోకి వెళ్తుంది. బాగున్న కిడ్నీ దాన్ని బయటకు పంపేస్తుంది. దెబ్బతిన్న కిడ్నీ పంపలేదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఈ రకం ఉప్పును పెద్దవాళ్లకు సూచించినప్పుడు కూడా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లనూ, గర్భిణులనూ, పిల్లలనూ ఆ సూచన నుంచి మినహాయించింది.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు చుట్టాలున్న ప్రతి ఇంటినీ కోరుతున్నాను. కౌంటరు కొనేముందు ఈ రోజే వంటింట్లోకి వెళ్లి ఉప్పు పొట్లం వెనక "పొటాషియం క్లోరైడ్" అన్న రెండు మాటలు ఉన్నాయేమో వెతకండి. ఉంటే, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు గానీ షుగరు గానీ ఉంటే, లేదా పొటాషియం పెంచే బీపీ మందులు వాడుతూ ఉంటే, పొట్లం పక్కన పెట్టి మామూలు ఉప్పునే, డాక్టరు చెప్పినంత తక్కువగా వాడండి. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు ఆ పొట్లాన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.